భీమిలి దాకా ఒక రోజు

మేము అయిదుగురం. ఒకరికి మోకాళ్ల నొప్పులు, ఇద్దరికి నోరు మూతపడదు, ఒకరికి దేనిమీదా నమ్మకం లేదు. ఇలాంటి బలగాన్ని వెంటేసుకుని బస్సెక్కటం నా వల్ల కాదని ముందే తేల్చి చెప్పేశాను. మోకాళ్ల నొప్పులు మా అత్తగారివి. నోళ్లు పిల్లలవి. నమ్మకం లేనిది మావారికి. అయిదో మనిషిని నేనే కనుక, నాలోని లోపాలు వాళ్లెవరైనా రాస్తే అప్పుడు చదువుకుందురు గాని.

మాఘమాసంలో మా చెల్లెలి ఆడపడుచు పెళ్లికని విశాఖపట్నం వెళ్లాం. పెళ్లయింది, అప్పగింతలయ్యాయి, తిరుగు రైలుకు ఇంకా ఒక రోజు మిగిలింది. చీరల కొట్టుకు వెళదామని మా చెల్లెలూ నేనూ మాట్లాడుకుంటూ వుంటే, గదిలోంచి మా అత్తగారు, "భీమిలి ఇక్కడికి ఎంత దూరమే అమ్మాయ్?" అన్నారు.

ఆవిడ ఆ ప్రశ్న పదేళ్ల నుంచీ అడుగుతూనే వున్నారు, గుంటూరులో కూర్చుని. వాళ్ల నాన్నగారు పోస్టాఫీసులో గుమాస్తాగా భీమిలిలో రెండేళ్లు పనిచేశారట. అప్పుడు ఆవిడకు ఎనిమిదో తొమ్మిదో. డెబ్బయి ఏళ్ల కిందటి మాట. ఆ తర్వాత ఆ వూరి మొహం చూడలేదు. గుంటూరులో అడిగితే "ఎప్పుడైనా వెళదాం లెండి" అని తప్పించుకోవచ్చు. విశాఖపట్నంలో కూర్చుని అడిగితే ఏం చెబుతాం? చీరల కొట్టు వాయిదా పడింది.

బీచి రోడ్డు మీదుగా భీమిలికి సిటీ బస్సులు తిరుగుతూనే వుంటాయి. ఒంట్లో సత్తువ వున్నవాళ్లకు అవే చాలు, చవక కూడాను. కాని మెట్టెక్కలేని పెద్దవాళ్లు వున్నప్పుడు, ఎక్కడ పడితే అక్కడ ఆగి, ఎండ మండితే మళ్లీ ఎక్కి కూర్చునే వీలుండాలంటే, డ్రైవరుతో సహా కారు మాట్లాడుకోవటమే మార్గం.

ఆ మాట్లాడుకోవటంలోనే మొదటి ఎదురుదెబ్బ తగిలింది. మావారు ఫోనులో ఎక్కడో నొక్కి కారు ఏర్పాటు చేశారు. రాత్రి పది గంటలకు "మీ బండి రాదు" అని ఒక ముక్క వచ్చింది. ఎందుకు రాదో లేదు. "నేను ముందే అనుకున్నాను" అన్నారు మావారు. ఆయన అన్నీ ముందే అనుకుంటారు. చివరికి మా చెల్లెలి ఎదురింటివాళ్లు, వాళ్ల తల్లిని వారంవారం ఆసుపత్రికి తీసుకెళ్లే డ్రైవరు ఒకతను వున్నాడంటే అతన్ని పిలిపించాం. ఈ పద్ధతే మేలు అని ఇప్పుడు నా అభిప్రాయం. ముసలమ్మను ఆసుపత్రి మెట్ల దాకా జాగ్రత్తగా దింపే మనిషి మనల్ని కూడా జాగ్రత్తగానే తిప్పుతాడు కదా.

రోజు మొత్తానికి కారు తీసుకోవాలనుకునేవారికి నాకు తెలిసినంతలో ఒక మాట చెబుతాను. సాధారణంగా బేరం 8 గంటలకు, 80 కిలోమీటర్లకు వుంటుంది. విశాఖ నుంచి భీమిలికి బీచి రోడ్డు మీద సుమారు 30 కిలోమీటర్లు. రానూ పోనూ 60. మధ్యలో కొండలెక్కటానికీ, దారి తప్పటానికీ 20 మిగులు. కిలోమీటర్లు సరిపోతాయి, గంటలే సరిపోవు. సముద్రం దగ్గర గడియారం ఎవరు చూస్తారు? అందుకని మేము ముందుగానే పన్నెండు గంటలకు మాట్లాడుకున్నాం. గంట మించితే ఎంత, కిలోమీటరు మించితే ఎంత, డ్రైవరు బత్తా, పార్కింగు డబ్బులు ఎవరివి అన్నవి కూడా బండి కదలకముందే అనుకోవాలి. దిగేటప్పుడు అనుకుంటే రోజంతా చూసిన సముద్రం గుర్తుండదు, ఆ రెండు వందల రూపాయలే గుర్తుంటాయి.

ఇంకొకటి. మోకాళ్ల నొప్పులవాళ్లు వుంటే సీటు ఎత్తుగా వున్న బండి అడగండి. లోతుగా కూలబడే చిన్న కార్లు వాళ్లకు శిక్ష. "అంబాసిడరు దొరకదా?" అన్నారు మా అత్తగారు. ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయిందని మావారు చెబితే, ఎవరో దగ్గరి చుట్టం పోయినట్టు "అయ్యో" అన్నారు.

ఉదయం ఆరు కాకముందే బండి గుమ్మం ముందు వుంది. ముప్పై అయిదేళ్ల మనిషి, నల్లగా, సన్నగా, ఉతికిన తెల్లచొక్కా. మా అత్తగారిని చూడగానే ఏమీ అడక్కుండా వెనక తలుపు తీసి, కిందికి ఒక చిన్న చెక్కపీట వేశాడు. మావారి అపనమ్మకం అక్కడ ఒక మెట్టు దిగింది.

"మామ్మగారూ, మీరు నా ఎనక కూకోండి. ఎల్లేటప్పుడు సముద్రం మనకి కుడి పక్కనుంటాది" అన్నాడు.

వినటానికి చిన్న మాటే గాని ఎవరూ ముందు చెప్పని మాట. భీమిలి వైపు వెళ్లేటప్పుడు కుడి చేతి వైపు కిటికీ, తిరిగి వచ్చేటప్పుడు ఎడమ చేతి వైపు కిటికీ. పిల్లల తగాదా దీంతో సగం తీరిపోయింది. వెళ్లేటప్పుడు ఒకరు, వచ్చేటప్పుడు ఒకరు.

రామకృష్ణా బీచిలో మేము దిగేసరికి సూర్యుడు ఇంకా నీళ్లలోనే వున్నాడు. ఎడమన ఇళ్లూ, హోటళ్లూ, కుడిన ఇసుక. దక్షిణాన ఓడరేవుకు కాపలా కాస్తున్నట్టు డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకి ముక్కు చాపుకుని వుంది. ఒడ్డున నిలబెట్టిన కురుసుర జలాంతర్గామి చీకట్లో తిమింగలంలా కనిపించింది. పిల్లలు అప్పుడే లోపలికి పోదామని గోల. సాయంత్రం చూద్దురు గాని, పొద్దున్నే మూసి వుంటుందని డ్రైవరు సర్దిచెప్పాడు.

సూర్యోదయం గురించి నేను వర్ణించను. వర్ణించినవాళ్లు చాలామంది వున్నారు. తూర్పు తీరంలో పుట్టినవాళ్లం, ఆ ముద్ద ఎరుపు నీళ్లలోంచి లేవటం మనకు ఉచితంగా దొరుకుతుంది. పడమటి తీరం వాళ్లకు అస్తమయమే గతి. అంతవరకే చెప్పి వూరుకుంటాను.

అక్కడి నుంచి బండి సాగింది. కైలాసగిరి కొండ పాదాన్ని ఒరుసుకుంటూ రోడ్డు వంపు తిరిగే చోట సముద్రం ఒక్కసారి మీదికి వచ్చినట్టుంటుంది. ఒక పక్క కొండ, ఇంకో పక్క రాళ్ల మీద విరుగుతున్న నురగ, మధ్యన మన నాలుగు చక్రాలు. టెన్నేటి పార్కు దగ్గర డ్రైవరు వేగం తగ్గించి, 2020 అక్టోబరులో వాయుగుండానికి లంగరు నిలవక ఒక బంగ్లాదేశ్ సరుకు ఓడ కొట్టుకొచ్చి రాళ్ల మీద చిక్కుకున్న చోటు చూపించాడు. ఆ ఓడ పేరు 'మా'. "అమ్మ అని పేరెట్టుకున్న ఓడండి. ఊరు ఊరంతా చూడ్డానికొచ్చింది" అన్నాడు. ఈ తీరంలో తుపానుల లెక్క అందరికీ నోటికి వుంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను సరిగ్గా విశాఖ మీదే తీరం దాటింది. ఆ రోజున వాళ్ల నాన్న పడవ రెండు ముక్కలైందట. వాళ్లది ఈ దారిలోనే ఒక జాలరిపేట. తాతా తండ్రీ వేటకు వెళ్లినవాళ్లు. ఇతను మాత్రం స్టీరింగు పట్టుకున్నాడు. ఎందుకని మావారు అడిగారు. "ఉందండీ ఒక కత" అని వూరుకున్నాడు.

ఆ కథ మేము అడక్కుండానే బయటికి వచ్చింది.

సాగర్ నగర్ దాటాక ఒక చోట ఇసుక తెల్లగా, విశాలంగా, మనిషన్నవాడు లేకుండా కనిపించింది. అటూ ఇటూ అలలు విరుగుతున్నాయి గాని మధ్యలో ఒక ముప్పై బారల మేర నీళ్లు నున్నగా, చెరువులా వున్నాయి. "ఇక్కడ, ఇక్కడ" అని పిల్లలు. మావారికి కూడా నచ్చింది. "జనం లేరు, అలలు లేవు. స్నానానికి ఇంతకంటె మంచి చోటేముంది? ఆపు బాబూ" అన్నారు.

డ్రైవరు ఆపాడు. ఆపి, మాకంటె ముందు తనే దిగి ఒడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు.

"సార్, ఇక్కడ వద్దండి. అలలు నేని చోటే బయ్యం."

మావారికి కోపం వచ్చింది. డబ్బిచ్చి తెచ్చుకున్న మనిషి వద్దంటే వచ్చే కోపం. "నాకు ఈత వచ్చులేవయ్యా" అన్నారు. కృష్ణలో నేర్చుకున్న ఈత అది, రోజూ చెప్పేదే.

అతను మాట పెంచలేదు. ఒడ్డున పడివున్న ఎండు కొబ్బరి డొక్క ఒకటి తీసుకుని, పాదాలు తడిసేంత వరకే నీళ్లలోకి వెళ్లి, ఆ నున్నటి నీళ్లలోకి విసిరాడు. "సూడండి" అన్నాడు.

మేము చూశాం. రెండు పక్కలా అలలు నురగను ఒడ్డుకు తెస్తున్నాయి. ఆ మధ్య దారిలో కొబ్బరి డొక్క మాత్రం ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టు తిన్నగా లోపలికి పోతోంది. మా చిన్నవాడు అంకెలు లెక్కపెట్టటం మొదలుపెట్టాడు. వాడు అరవై అనేసరికి అది అలలు విరిగే వరస దాటిపోయి చిన్న చుక్కయింది.

"మా అన్నకి మీకంటె బాగా ఈతొచ్చు సార్" అన్నాడు డ్రైవరు. "పడవ మీద పుట్టినోడు. ఒడ్డుకి రాడానికి ఎదురీది ఎదురీది అలిసిపోనాడు."

ఇంకేమీ అనలేదు. మావారు కూడా ఏమీ అనలేదు. చెప్పులు తొడుక్కుని వచ్చి బండిలో కూర్చున్నారు. అంతకుముందు ఎప్పుడూ ఆయన అంత త్వరగా ఓడిపోవటం నేను చూడలేదు.

సముద్రాలకు వెళ్లే తల్లులందరూ తెలుసుకోవలసిన సంగతి కనుక ఇక్కడ కాస్త ఆగుతాను. అలలు ఒడ్డుకు మోసుకొచ్చిన నీరంతా మళ్లీ లోపలికి పోవాలి కదా. ఒడ్డుకు కొంచెం దూరాన నీళ్లలో ఇసుక తిన్నెలుంటాయి. వాటి మధ్య ఎక్కడ గండి వుంటే ఆ గండిలోంచి ఆ నీరు కాలవలా వెనక్కి పరుగెత్తుతుంది. అక్కడ లోతెక్కువ కనుక అల విరగదు. అందువల్ల చూడటానికి అదే ప్రశాంతంగా, పిల్లలకు అనువుగా కనిపిస్తుంది. నీటి రంగు కొంచెం ముదురుగానో, ఇసుక కలిసి బురదగానో వుండి, నురగ లోపలికి పోతూవుంటే అదే గుర్తు. ఈ గండ్లు ఒకచోట స్థిరంగా వుండవు. నిన్న మంచి చోటు ఈ రోజు మంచిది కాకపోవచ్చు. ఆ లాగుడులో పడ్డవాళ్లు ఒడ్డుకేసి ఎదురీదకూడదు. ఎంతటి ఈతగాడికైనా చేతులు పడిపోతాయి. భయపడకుండా నీటి మీద తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. ఆ కాలవ వెడల్పు సాధారణంగా తక్కువే వుంటుంది; పక్కకు తప్పుకుంటే మళ్లీ అలలే ఒడ్డుకు తోస్తాయి. ఈదలేకపోతే చెయ్యెత్తి కేకవేస్తూ తేలుతూ వుండాలి. ఒడ్డున వున్నవాళ్లు ఆవేశపడి వెనకే దూకకూడదు. ఖాళీ డబ్బానో, ట్యూబో, తేలేది ఏదైనా సరే విసరాలి.

ఇవన్నీ ఆ ఉదయం అతను చెప్పినవీ, ఇంటికి వచ్చాక నేను వెతికి చదివినవీ కలిపి రాస్తున్నాను. రెండిటికీ ఎక్కడా తేడా కనిపించలేదు.

పిల్లల ముచ్చట రుషికొండలో తీరింది. అక్కడ కాపలా మనుషులు వుంటారు, ఎక్కడి దాకా దిగవచ్చో చూపిస్తారు. శుభ్రతకూ భద్రతకూ ఇచ్చే నీలిజెండా గుర్తింపు ఆ బీచికి 2020లో వచ్చింది. కొండ కింద బంగారు రంగు ఇసుక, నీళ్లు నిజంగానే నీలం. మోకాలి లోతులో ఒక అరగంట మునగనిచ్చి ఒడ్డుకు లాక్కొచ్చాం. మావారు ఒడ్డునే కూర్చుని పిల్లల తలలు లెక్కపెడుతూ వున్నారు. వున్నవి రెండు తలలే.

తొట్లకొండకు బండి దాదాపు పైదాకా వెళుతుంది, అందువల్ల మా అత్తగారు కూడా వచ్చారు. ఈ కొండ మీద బౌద్ధ విహారం వున్న సంగతి 1970లలో నౌకాదళం వారు స్థావరం కోసం విమానంలో సర్వే చేస్తున్నప్పుడు బయటపడింది. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తుశాఖ తవ్వితే మహాస్తూపం, చైత్యగృహాలు, భిక్షువుల గదులు, వంటశాల, అన్నీ బయటికి వచ్చాయి. రెండువేల ఏళ్లకు పైబడినవి. రాతిలో తొలిచిన నీటితొట్ల వల్లనే కొండకు ఆ పేరు. శాతవాహనుల సీసపు నాణేలతో పాటు రోమను వెండి నాణేలు కూడా దొరికాయంటే, ఇక్కడి భిక్షువులకు ఓడ వర్తకులతో ఎంత స్నేహమో వూహించుకోండి. 2019 అక్టోబరు వానలకు మహాస్తూపం కొంత కూలింది కూడాను. రెండువేల ఏళ్లు మట్టికింద భద్రంగా వున్నది మనం బయటికి తీసిన ముప్పై ఏళ్లకే వానకు తడిసి పడిపోయిందంటే మనసుకు కష్టంగానే వుంటుంది.

మా అత్తగారు స్తూపం కన్నా ఆ గదుల వరస ఎక్కువసేపు చూశారు. ఒక్కొక్క గది మనిషి పడుకోవటానికి, కూర్చోవటానికి, అంతే. ఎదురుగా కొండవాలు, ఆ కింద కనుచూపు మేర సముద్రం. "ఇంత చిన్న గది, ఇంత పెద్ద వాకిలి" అన్నారు. బావికొండ కూడా ఆ దగ్గరలోనే వుంది, ఇలాంటిదే. కాని ఎండ ముదురుతోందని వదిలేశాం. ఒక రోజులో అన్నీ చూడాలనుకోవటం కారు అద్దె గిట్టుబాటు చేసుకోవాలనే ఆశ వల్ల పుట్టే జబ్బు. దానికి లొంగకూడదు.

మంగమారిపేటలో టీ. అలలు తొలిచిన రాతి తోరణం ఒకటి అక్కడ ఒడ్డునే వుంది, పిల్లలు దాని కింద ఫొటోలు దిగారు. పడవలు అప్పుడే వేట నుంచి వచ్చాయి. ఇసుక మీద కుప్పలుగా కానాగంతలు, బుట్టల్లో వంజరం ముక్కలు, ఆడవాళ్ల బేరాలు. మేము తినమని తెలిసి కూడా ఒకావిడ మా అత్తగారిని "తీసుకో మామ్మా, నీ మనవలకి కళ్లకి మంచిది" అని పట్టుబట్టింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేపలు గుడ్లు పెట్టే కాలమని మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో వస్తే ఈ సందడి వుండదు.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర మా పెద్దది మొదటిసారి నోరు మూసింది. పక్కనే నీలి సముద్రం, ఇక్కడ గేరువా రంగు లోయలు, గోడలు, శిఖరాలు. ఎవరో పేదవాడు మట్టితో హిమాలయాలు కట్టుకున్నట్టు. వేల ఏళ్లుగా సముద్రమట్టం హెచ్చుతూ తగ్గుతూ వుంటే గాలీ నీరూ తెచ్చి పోసిన ఇసుక ఇది. రేణువుల మీద పట్టిన ఇనుప తుప్పు వల్ల ఎరుపు. వాన నీళ్లు కోసుకుంటూ పోయి ఆ లోయలు ఏర్పడ్డాయి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 2014లో వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా చేర్చారు. ఇలాంటివి దక్షిణాసియాలో మరి రెండు చోట్లనే వున్నాయట, తమిళనాడులో ఒకటి, సింహళంలో ఒకటి. అంత అరుదైన గోడ మీద మన ప్రేమికులు తాళంచెవితో పేర్లు చెక్కుతున్నారు. మా చిన్నవాడు గట్టెక్కబోతే డ్రైవరు కేకేశాడు. కాలు పెడితే రాలిపోయే మట్టి అది.

భీమిలి చేరేసరికి పన్నెండున్నర.

భీముడు బకాసురుణ్ణి చంపి ఇక్కడ నరసింహస్వామిని ప్రతిష్ఠించాడని ఐతిహ్యం. గుడి కొండ మీద వుంది. చరిత్రలో అయితే 17వ శతాబ్దంలో, గోల్కొండ సుల్తానుల కాలంలో, డచ్చివారు వర్తకానికి వచ్చి కోట కట్టుకున్న వూరు. 1824 ఒడంబడికతో వాళ్లు మన దేశంలోని స్థావరాలు ఇంగ్లీషువారికి అప్పగించి వెళ్లిపోయారు. 1861లోనే మునిసిపాలిటీ అయిన పట్టణం. ఓడలు దూరాన లంగరేసుకుంటే పడవల మీద సరుకు చేరవేసేవారు. 1933లో విశాఖలో ఓడరేవు తెరిచాక ఓడలన్నీ అటు మళ్లాయి, భీమిలి కునుకు తీసింది. ఇప్పటికీ ఆ కునుకులోనే వుంది. అదే దాని అందం.

చెట్ల నీడన దుప్పటి పరిచి పులిహోర, పెరుగన్నం, మాగాయ విప్పాం. డ్రైవరు దూరంగా బండి దగ్గర నిలబడ్డాడు. "అదేమిటి నాయనా, రా" అని మా అత్తగారు అతనికి విస్తరి వేశారు. అతను మొహమాటపడి, "మాగాయ బాగుందండీ" అని మూడుసార్లు వేయించుకున్నాడు. రోజంతా మన ప్రాణాలు అతని చేతిలో పెట్టి, భోజనం వేళకు అతనేం తిన్నాడో అడగని కుటుంబాలు వుంటాయని తర్వాత మాటల్లో తెలిసింది.

డచ్చివారి శ్మశానం వూళ్లోనే, సముద్రానికి దగ్గరలో వుంది. పురావస్తుశాఖ రక్షణలో వున్నది. నల్లరాతి పలకల మీద చెక్కిన అక్షరాలు, పైకి సన్నగా లేచిన సమాధులు. ఎక్కడి హాలెండు, ఎక్కడి భీమిలి! మా పెద్దది సంవత్సరాలు కూడి తీసివేసి, "అమ్మా, ఈయనకి నీకంటె తక్కువ వయసే" అని చెప్పి వచ్చింది.

ఆ తర్వాత అసలు పని, అత్తగారి ఇల్లు.

ఆవిడకు గుర్తున్నవి మూడు. లైట్‌హౌసు కనిపించే అరుగు, వీధి చివర బావి, గాలి వేసినప్పుడు అన్నంలో పడే ఇసుక. లైట్‌హౌసు వున్నది. దాన్ని గురి పెట్టుకుని డ్రైవరు నాలుగు వీధులు తిప్పాడు. ప్రతి మలుపులోనూ దిగి, అరుగు మీద కూర్చున్న ముసలివాళ్లను అడిగాడు. పోస్టాఫీసు గుమాస్తాగారి ఇల్లు, డెబ్బయి ఏళ్ల కిందటిది. ఎవరికి తెలుస్తుంది? ఒకాయన పాపం, ఆలోచించి ఆలోచించి తన ఇల్లే చూపించాడు. బావులు పూడ్చేశారట. అరుగులు రోడ్డు వెడల్పులో పోయాయి. అయిదో వీధిలోకి తిప్పబోతుంటే మా అత్తగారే, "ఇక చాలు నాయనా" అన్నారు.

బండిలో ఎవరూ మాట్లాడలేదు. మావారు అద్దంలోంచి వాళ్లమ్మ మొహం చూస్తున్నారు.

"మామ్మగారూ, చిన్నప్పుడు ఏ పక్క సముద్రంలోకి ఎల్లేవోరు?" అన్నాడు డ్రైవరు.

"నన్ను వెళ్లనిచ్చేవారు కాదు. ఆడపిల్లని కదూ. అరుగు మీంచి చూడటమే. ఒక్కసారి కాళ్లు తడుపుకుని వస్తానంటే మా అమ్మ వీపు చీరేసింది" అన్నారు.

ఆ సంగతి కొడుకుకు కూడా తెలియదు. రెండేళ్లు సముద్రం పక్కన బతికి, దాంట్లో కాలు పెట్టని మనిషి. కాశీలో గంగ, రాజమండ్రిలో గోదావరి మునిగారు గాని, సముద్రం ఎప్పుడూ ఒడ్డున నిలబడి నమస్కారంతోనే సరిపెట్టుకున్నారు.

గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు ఇక్కడే. అనంతగిరి కొండల్లో బొర్రా గుహల దగ్గర మొదలై ఇక్కడికి వస్తుంది. గోస్తని అంటే ఆవు పొదుగు. అక్కడికి తీసుకెళతాడేమో అనుకున్నాను. అతను తల అడ్డంగా వూపాడు. ఏరు కలిసే చోట అడుగున ఏముందో చెప్పలేమట. ఇంకా ఇవతలికి, పడవలు లాగి పెట్టిన చోటికి పోనిచ్చాడు. అక్కడ ఒడ్డు వాలుగా వుంది. టీ కొట్టులోంచి ప్లాస్టిక్ కుర్చీ అడిగి తెచ్చి, తడి ఇసుక మీద, అల చివరి నురగ మాత్రమే వచ్చే చోట వేశాడు. ఒక పక్క మావారు, ఒక పక్క అతను పట్టుకుని నడిపించారు. ఇసుకలో ఆ ఇరవై అడుగులకు పది నిమిషాలు పట్టింది.

ఆవిడ చీర కుచ్చెళ్లు కొంచెం పైకి పట్టుకుని కూర్చున్నారు. మొదటి రెండు అలలు అందలేదు. మూడోది వచ్చి మడమల దాకా ముంచి, కుర్చీ కాళ్ల కింద ఇసుకను లాక్కుపోయింది. కుర్చీ ఒరిగింది. "అమ్మో" అని కేకేసి, మరుక్షణం చిన్నపిల్లలా పకపకా నవ్వారు. పెళ్లయి పధ్నాలుగేళ్లయింది, ఆ నవ్వు నేను ఇంతవరకూ వినలేదు. డ్రైవరు కుర్చీ వీపు వదలకుండా అలలకు ఎదురుగా కళ్లు పెట్టుకుని నిలబడ్డాడు. పెద్దది వస్తున్నప్పుడల్లా "వస్తంది, వస్తంది" అని ముందే చెబుతున్నాడు. ముప్పావుగంట అలా కూర్చున్నారు. మేమెవ్వరం తొందరపెట్టలేదు.

తిరుగు ప్రయాణంలో ఎండ కొండల వెనక్కి పోయింది. ఉదయం మెరిసిన నీళ్లు ఇప్పుడు సీసపు రంగు. ఫొటోల పిచ్చి వున్నవాళ్లు మాత్రం పొద్దుటి వెలుగునే నమ్ముకోవాలి. దారిలో కంచె వేసిన ఇసుక మడి ఒకటి చూపించాడు డ్రైవరు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రివేళ ఒడ్డెక్కి గుడ్లు పెట్టి పోతాయి. కుక్కల పాలు కాకుండా అటవీశాఖ వారు వాటిని ఏరి అలా పాతి, పిల్లలయ్యాక సముద్రంలో వదులుతారు.

కురుసుర లోపలికి మా అత్తగారు తప్ప అందరం వెళ్లాం. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసింది. 2002 నుంచి ఇలా ఒడ్డు మీద ప్రదర్శనశాల. 91 మీటర్ల పొడవున్న గొట్టంలో గొట్టాలూ, మీటలూ, మనిషి పట్టీపట్టని పడకలూ. బయట మురీ మిక్చరు పొట్లాలు కొనుక్కుని, అత్తగారికి పచ్చిమిర్చి లేకుండా ఒకటి కట్టించుకుని వస్తే, ఆవిడా డ్రైవరూ ఏదో గట్టిగా మాట్లాడుకుంటున్నారు.

ఇంటి దగ్గర దిగాక మావారు అనుకున్న డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, ఇంకొంత కలిపి, చేతిలో పెట్టి, ఏదో అనబోయి మానేశారు. "ఈసారి ఎప్పుడైనా కొబ్బరి డొక్క నేనే వేసి చూస్తాను" అన్నారు చివరికి. అతను నవ్వాడు.

రాత్రి రైల్లో మా అత్తగారు సంచీలోంచి చీటీ తీసి నాకిచ్చారు. డ్రైవరు ఫోను నెంబరు. ఎందుకండీ అన్నాను.

"మార్చి నెలలో తాబేలు పిల్లల్ని వదులుతారట, తెల్లవారుజామున. ఫోను చేసి చెబుతానన్నాడు" అన్నారు, చీర అంచున అంటుకున్న ఇసుక దులుపుకుంటూ. "మీకు తీరకపోతే చెప్పండి, నేనొక్కదాన్నే వస్తాను."